తాండూరు గోడల మీద కంప్యూటర్

ప్రకటనల పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. గోడల మీద చేత్తో రాసిన తరం మనిషినని ఎవరో చెప్పి పంపుతారు. చాయ్ తాగుతారు, పాత ఫోటోలు చూస్తారు. చివరికి అందరూ ఒకటే అడుగుతారు: "జనాన్ని ఎట్ల నమ్మించేటోళ్లు సార్?"

నమ్మించడం నాకెప్పుడూ పెద్ద కష్టం కాలేదు. జనం నమ్మడానికి సిద్ధంగానే ఉంటారు. నమ్మిన మనిషి నేరుగా మన దుకాణానికే వచ్చి ఎదురుగా నిలబడితే ఏం చెప్పాలన్నది మాత్రం నాకెవరూ నేర్పలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాను. అందులో ఒక్క సంగతి రాస్తే చాలనిపించింది. మిగతావన్నీ రంగులు, కుంచెలు, ఎండ.

మహబూబ్ సాబ్ దగ్గర

1969లో తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడ్డాయి. ఇంట్లో కూర్చోలేక వికారాబాద్ స్టేషన్ పక్కన బోర్డులు రాసే మహబూబ్ సాబ్ దగ్గర పనికి చేరాను. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు. ఆయన తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ రాసేవారు. తెలుగు చదవడం సరిగా రాదు, రాయడం మాత్రం అచ్చు వేసినట్టు రాసేవారు. నీలం పొడిలో ముంచిన దారాన్ని గోడకు ఆనించి, లాగి వదిలితే పడే గీత చూడాలి. ఆ గీత మీద అక్షరాలు బడిపిల్లల్లాగా వరుసగా నిలబడేవి.

ఒకరోజు మందులమ్మే ఒకాయన బోర్డు రాయించుకోవడానికి వచ్చాడు. పేరు, ఊరు, వేళలు, అన్నీ రాశాం. కింద "షుగర్ వ్యాధి పూర్తిగా నయం" అని రాయమన్నాడు. మహబూబ్ సాబ్ ఆ వరుసకు గీత కొట్టి ఖాళీగా వదిలేశారు. కుంచె తడిపి ఆయన చేతికే ఇచ్చారు.

"గా ఒక్క మాట మీరు రాసుకోండి సాబ్. రంగుకు పైసలొద్దు."

ఆయన కుంచెను డబ్బాలో పెట్టేశాడు. రాయలేదు. బోర్డు అట్లాగే తీసుకుపోయాడు. ఆయన వెళ్లాక మహబూబ్ సాబ్ నాతో అన్నారు: "అక్షరం మంచిగ వడితె అబద్ధం సుత నిజం లెక్క కనవడ్తది లక్ష్మణ్. మన చేతికి జర భయం ఉండాలె."

నేను నవ్వాను. ఇరవై ఏళ్ల వాడికి అది ముసలాయన చాదస్తంలాగా తోచింది.

కొన్నేళ్లకు పెళ్లయి తాండూరు వచ్చాను. నాపరాయి బండల వ్యాపారం పెరుగుతున్న రోజులు. కొత్త పాలిషింగ్ యూనిట్ వెలిసిందంటే కొత్త బోర్డు కావాలి. కందుల వ్యాపారులకు బోర్డులు, సినిమాహాలుకు గాజు స్లైడ్లు, ఎన్నికలకు గోడలు. పని బాగా నడిచింది. మాటలు కూడా నేనే కూర్చడం మొదలుపెట్టాను. రేడియోల వాళ్లు, మోటారు పంపుల వాళ్లు పేరు, ధర చెప్పి వెళ్లిపోయేవారు, మిగతా మాటలు నావి. నా మాటకు సరుకు కదులుతుందని పేరు వచ్చింది. ఆ పేరు నాకు మస్తుగా నచ్చింది కూడా.

చూడని సరుకు

వీరభద్రప్ప సేఠ్‌ది రేడియోలు, ఫ్యాన్ల దుకాణం. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు, నవ్వితే దుకాణమంతా వినపడేది. ఎనభైల్లో టీవీలు వచ్చాక ఆయన దుకాణం ముందు ఆదివారం సాయంత్రాలు నిలబడడానికి చోటుండేది కాదు. ఆ ఊపులో హైదరాబాద్‌లోని ఒక కంపెనీ నుంచి ఇంట్లో వాడుకునే కంప్యూటర్‌కు ఏజెన్సీ తెచ్చుకున్నాడు.

అప్పటికి మా ఊళ్లో కంప్యూటర్ అన్న మాట పేపర్లో చదివినవాళ్లే తక్కువ. వస్తువు చూసినవాళ్లు ఎవరూ లేరు. కంపెనీ మనిషి సుధాకర్ టై కట్టుకుని, బ్రీఫ్‌కేసు పట్టుకుని వచ్చాడు. రంగుల పోస్టరు పరిచాడు. సోఫాలో తల్లీ తండ్రీ, కింద కార్పెట్ మీద ఇద్దరు పిల్లలు, టీవీ ముందు మీటలున్న చిన్న పెట్టె. నలుగురూ ఒకేలా నవ్వుతున్నారు.

"ఇది ఏం చేస్తుంది సార్?" అని అడిగాను.

"పిల్లలకు పాఠాలు చెబుతుంది. లెక్కలు, ఇంగ్లీషు. ఇంట్లో మాస్టారు ఉన్నట్టే."

"ఒకసారి చూడొచ్చా?"

"పెట్టెలు ఇంకా రాలేదు. మీరు చూడడం ఎందుకండీ? జనానికి ఆ పేరు చెవిలో పడాలి ముందు. చూసినవాళ్లు వంద ప్రశ్నలు వేస్తారు. మీరు రాసేయండి."

రాసేశాను. నెలరోజుల్లో తాండూరు అంతటా, కరణ్‌కోట దారి పొడుగునా, ఇటు వికారాబాద్ స్టేషన్ దాకా నా అక్షరాలే. సినిమాహాల్లో ఇంటర్వెల్‌కు స్లైడు. ఆటోకు మైకు కట్టి వీధివీధినా ప్రకటన. సంతలో కరపత్రాలు. పెట్టె ఒక్కటి కూడా దిగకముందే హోటళ్లలో మాట్లాడుకోవడం మొదలైంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. వస్తువు ఎట్లా ఉంటుందో తెలియకుండానే అది ఇంట్లో లేకపోతే ఎట్లా అని జనానికి బెంగ పట్టించగలిగాం. ఆ బెంగ పుట్టించిన మాట కూడా నాదే. "మీ బిడ్డ వెనకబడితే బాధ్యత ఎవరిది?" అని ఎర్ర రంగుతో రాశాను. కందుల వ్యాపారి ఒకాయన, డాక్టరొకాయన ఆ గోడ చూసే వచ్చి ముందుగానే పేర్లు రాయించుకున్నారని సేఠ్ నా భుజం తట్టాడు.

బండలు పాలిష్ చేసే ఒక యూనిట్ ప్రహరీ మాకు దొరికిన గోడలన్నిటికంటే పొడుగు. దాని మీద కంపెనీ కాగితంలో ఉన్నట్టే "మీ బిడ్డకు ఇంట్లోనే చదువు చెప్పే కంప్యూటర్" అని రాశాను. రాశాక కుడివైపు రెండు బారల జాగ మిగిలింది. కొలత తప్పింది నాదే. అట్లా వదిలేస్తే అసహ్యంగా కనిపిస్తుంది. నిచ్చెన దిగి, రోడ్డుకు అవతల నిలబడి చూశాను. మళ్లీ ఎక్కి, "ఎలాంటి బిడ్డకైనా!" అని రాశాను. సరిగ్గా సరిపోయింది. కంపెనీ కాగితంలో ఆ మాట లేదు. నాకెవరూ చెప్పలేదు. జాగ నిండింది, నేను సైకిలెక్కి ఇంటికి పోయాను.

మల్లయ్య

వారం తర్వాత ఒక మధ్యాహ్నం నా బోర్డుల దుకాణం ముందుకు ఒకాయన వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా బండల పొడి. చెప్పులు బయటే విడిచి, గడప దగ్గర ఆగాడు. చెయ్యి పట్టుకుని పదేళ్ల పాప.

"గా పాలిష్ యూనిట్ గోడ మీద రాసింది నువ్వేనా అన్నా?"

"నేనే. ఏంది సంగతి?"

"నా పేరు మల్లయ్య. నాకు సదువు రాదు. ముగ్గురితోని సదివిపిచ్చుకున్న. ముగ్గురు ఒక్కతీర్గనే జెప్పిన్రు. 'ఎలాంటి బిడ్డకైనా' అని ఉన్నదట గదా?"

"ఉన్నది."

ఆయన పాపను ముందుకు జరిపాడు. "గీమె నా బిడ్డ. సుక్కమ్మ. రెండేండ్లప్పుడు జరమొచ్చి చెవులు పోయినయి. మాట రాలే. బడికి తోలుకపోతె పెద్దసారు వాపస్ పంపిండు. అందరికి జెప్పుడే అయితలేదు, గీమెకెట్ల జెప్పాలె అన్నడు. గా మిషిన్ గీమెకు సుత జెప్తదా?"

మా వైపు బిడ్డ అంటే కూతురు. కంపెనీ వాళ్లు పిల్లలందరినీ కలిపి ఆ మాట రాసి ఉంటారు. మల్లయ్య మాత్రం అది తన కూతురి కోసమే రాసినట్టు విన్నాడు. "కొడుకు అని రాయలే అన్నా, బిడ్డ అని రాసినవ్," అన్నాడు కూడా.

మల్లయ్యది పూడూరు దగ్గర పల్లె. గొర్రెలు కాసుకునే కుటుంబం. మంద తమ్ముడి దగ్గర ఉంది, ఆయన భార్యా బిడ్డతో తాండూరు వచ్చి యూనిట్‌లో పనిచేస్తున్నాడు. ఇప్పుడు మందలో తన వాటా అమ్మేసి కంప్యూటర్ కొనాలని నిర్ణయించుకున్నాడు. సోమవారం సంతకు గొర్రెలను తోలడానికి తమ్ముడికి కబురు కూడా పంపాడు.

"నువ్వు రాసినవ్ గదా, నువ్వొక్క మాట జెప్పు. జెప్తదంటె సాలు," అన్నాడు.

ఆ మాట నేను అక్కడే చెప్పి ఉండాల్సింది. నాకు తెలియదు, నేను ఆ వస్తువును చూడనే లేదు అని. నోటి దాకా వచ్చింది. కానీ ఊరంతా నా చేతి అక్షరాలు మెచ్చుకుంటున్న రోజులవి. తెలియదనడానికి సిగ్గేసింది. "ఆదివారం సేఠ్ దుకాణంలో కంప్యూటర్ జూపిస్తున్నరు. బిడ్డను తోలుకరా. అక్కడ అడుగుదాం," అన్నాను.

మేం మాట్లాడుకుంటున్నంత సేపూ సుక్కమ్మ గోడకు ఆనించిన ఒక బోర్డు దగ్గర కూర్చుని, ఆరని అక్షరాలకు తగలకుండా, గాలిలో వేలితో వాటి వెంట గీస్తూ ఉంది. ఒక్క వంపు కూడా తప్పలేదు.

ఆదివారం

ఎలా నడపాలో చూపించడానికి సేఠ్ నస్రీన్ టీచర్‌ను పిలిపించాడు. బాలికల బడిలో లెక్కలు చెప్పేది. కంపెనీ ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం రెండు రోజుల్లో చదివి, సుధాకర్ కంటే బాగా నేర్చుకుంది. నేను పొద్దున్నే వెళ్లి ఆమెను పక్కకు పిలిచి అడిగాను.

"టీచర్, ఇది పిల్లలకు చదువు చెప్తదా?"

"ఇది ఏం చెప్తది భయ్యా? మనం చెప్తె ఇది చేస్తది. పిల్లలకు మస్తు పనికొస్తది, పక్కన చెప్పేటోళ్లుంటె." చేతిలోని పుస్తకం మూసి, "గోడ మీద మీరే కదా రాసింది?" అని నా మొహం చూసింది. నేను టీవీ వైర్లు సర్దుతున్నట్టు నటించాను.

పదకొండు గంటలకు దుకాణం నిండిపోయింది. బల్ల మీద కలర్ టీవీ, దాని ముందు మీటల పెట్టె, పక్కన టేప్ రికార్డర్. నస్రీన్ టీచర్ క్యాసెట్ పెట్టి మీట నొక్కింది. ఆ క్యాసెట్‌లో నుంచే ప్రోగ్రాం పెట్టెలోకి ఎక్కాలి. ఎక్కుతున్నంతసేపూ రేకు మీద మేకుతో గీకినట్టు ఒకటే కీచుమన్న చప్పుడు. జనమంతా చెవులు మూసుకుని నవ్వారు. సుక్కమ్మ ఒక్కతే మూసుకోలేదు. తెర అంచుల్లో పరుగెత్తే రంగుల చారలను కళ్లు ఆర్పకుండా చూసింది.

చారలు ఆగి తెర మీద ఒక లెక్క వచ్చింది. సుధాకర్ చూపు పాప మీద పడింది. "రా పాపా, నువ్వే మొదలుపెట్టు" అన్నాడు. మల్లయ్య ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. తెర మీద నాలుగు, మూడు కలిపే కూడిక. ఆమెకు అంకెలు రావు. టీచర్ వేళ్లు చూపించి ఎంతో చెబుదామనుకునేలోపే సుధాకర్ అడ్డు వచ్చాడు. "వద్దు టీచర్. మిషనే నేర్పుతుంది, చూడండి."

సుక్కమ్మ ఒక మీట నొక్కింది. కంప్యూటర్ బొయ్యిమని తప్పు చెప్పింది. ఇంకొకటి నొక్కింది. మళ్లీ అదే చప్పుడు. ఒప్పయితే ఒక చప్పుడు, తప్పయితే ఒక చప్పుడు. ఆ మిషన్‌కు తెలిసిన జవాబు అంతే. అది ఆ పిల్లకు వినపడదు. ప్రతి మీట నొక్కాక ఆమె తెర వైపు కాకుండా మా మొహాల వైపు తిరిగి చూసేది, తప్పా ఒప్పా అని. మేం ఎవరం ఏమీ చెప్పలేకపోయాం. నాలుగోసారి మీట మీద వేలు పెట్టి, నొక్కకుండా తీసేసింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"కొత్తలో అంతే. పది రోజులు కూర్చుంటే వచ్చేస్తుంది," అన్నాడు సుధాకర్.

మల్లయ్య ఆయన వైపు చూడలేదు. నా వైపు తిరిగాడు. "అన్నా, నువ్వు జెప్పు. పది దినాలు గాదు, ఏడాది కూసుంటది. వస్తదా?"

దుకాణంలో అందరూ నన్నే చూస్తున్నారు. సేఠ్ కళ్లతోనే వద్దన్నాడు.

"రాదు మల్లయ్యా," అన్నాను. "గా మిషిన్ చెప్పదు. 'ఎలాంటి బిడ్డకైనా' అన్నది కంపెనీ మాట గాదు. నేనే కలిపిన."

"ఎందుకు కలిపినవ్?"

"గోడ మీద జాగ మిగిలింది. నింపిన."

ఆయనకు అర్థం కాలేదేమో అనుకున్నాను. అర్థమైంది. "జాగ మిగిలితె నింపినవా," అని మెల్లగా అనుకున్నాడు. తిడతాడని చూశాను. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆయన బిడ్డను కుర్చీలో నుంచి ఎత్తుకున్నాడు. పదేళ్ల పిల్లను, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు:

"గీ వారం దినాలు మా ఇంట్ల మస్తు సంతోషంగుండె అన్నా. మా ఇంటామె రోజు బిడ్డకు జడేసి సదువుకునే తల్లీ అని మురిసింది. గది సుత నువ్వు రాసిన మాటతోనే గదా."

కోపంతో అనలేదు. నిజంగానే అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లుగా నాతోనే ఉంది.

సున్నం

సేఠ్ ఆ సాయంత్రం నన్ను దుకాణంలోకి రానివ్వలేదు. "ఏనప్పా, నా దుకాణంలనే నిలవడి నా సరుకును పనికిరాదంటవా?" అన్నాడు. ఆయనకు కూడా నేను అన్యాయమే చేశాను. ముందే అడిగి, చూసి, నాలుగు రోజుల ముందు చెప్పి ఉంటే నలుగురిలో ఆయనకు ఆ అవమానం జరిగేది కాదు. నిజం చెప్పానని నేను గర్వపడాల్సిందేమీ లేదు. చెప్పాల్సిన వేళ దాటాక చెప్పాను.

సోమవారం తెల్లవారగానే బకెట్‌లో సున్నం కలుపుకుని పోయి ఆ రెండు మాటలూ చెరిపేశాను. ఒక పూత సరిపోలేదు. ఎనామిల్ రంగు, నేనే మంచిదని ఏరి కొన్నది. మూడు పూతలు వేసినా ఎండ పడితే కింద నుంచి తొంగి చూసేది. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇది అర్థం కావడం కష్టం. మీ మాట ఒక్క మీటతో పోతుంది. మా మాటను చెరపడానికి రాసిన దానికంటే ఎక్కువ చెమట పోసేవాళ్లం.

పూత వేస్తుంటే యూనిట్‌లోకి పనికి పోతూ మల్లయ్య ఆగాడు. గొర్రెలు సంతకు పోలేదని చెప్పాడు. నేను సిగ్గుతో తల ఎత్తలేదు. ఆయన బకెట్ పట్టుకుని నిచ్చెన మీదికి అందించాడు.

నస్రీన్ టీచర్ మర్నాడు మా ఇంటికి వచ్చింది. హైదరాబాద్‌లో చెవిటి పిల్లలకు వేరే బడి ఉందని, అక్కడే ఉంచి చదువు చెబుతారని ఆమె బంధువుల ద్వారా విన్నదట. "గోడ చెరిపేస్తె పని అయిపోయిందా భయ్యా? నడువుండ్రి, అడిగొద్దాం," అంది. మల్లయ్యను తీసుకుని ముగ్గురం రైలెక్కాం. మల్లయ్యకు ఆ నగరం కొత్త. ఆఫీసులో కాగితాలు చూసి భయపడ్డాడు. కాగితాలు నింపడం నా వంతు అయింది. సుక్కమ్మ వయసుకు ఆలస్యమైందని, అక్షరాలైనా గుర్తుపడితే జూన్‌లో చూస్తామని అక్కడి పెద్ద టీచరమ్మ చెప్పింది.

నాలుగు నెలలు ఉన్నాయి. రోజూ సాయంత్రం నస్రీన్ టీచర్ మా వరండాలో ఆమెను కూర్చోబెట్టేది. నేను అట్ట ముక్కల మీద ఒకవైపు బొమ్మ, ఇంకోవైపు మాట రాసిచ్చేవాడిని. గొర్రె. బండ. నీళ్లు. రొట్టె. అమ్మ. మొదట్లో ఆమెకు అవి ఉత్త బొమ్మలే. ఒకరోజు "నీళ్లు" అన్న అట్ట పట్టుకుని మా ఇంటి కుండ దగ్గరికి పోయి, దాని మీద పెట్టి, మా వైపు తిరిగి చూసింది. టీచర్ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నేను లోపలికి పోయి ఆ రాత్రే ఇంకో ఇరవై అట్టలు కోశాను. నా జీవితంలో నేను రాసిన ప్రకటనలు ఎన్ని ఉన్నా, అంత శ్రద్ధగా రాసినవి ఆ అట్టలే.

మళ్లీ రాసిన గోడ

కందుల వ్యాపారి, డాక్టరు తాము కొన్న కంప్యూటర్లు వాపసు తెచ్చారు. "ఇది చదువు చెప్తలేదు, మేమే దీనికి చెప్పాల్సొస్తుంది," అన్నారు. సుధాకర్ మళ్లీ ఊళ్లో కనిపించలేదు. రెండు నెలలు నాతో మాట్లాడని సేఠ్ ఒకరోజు తనే వచ్చాడు.

"పెట్టెలు దుమ్ము పడుతున్నయప్పా. ఏం రాస్తవో ఈసారి నువ్వే చూసి రాయి."

ఈసారి వారం రోజులు దుకాణంలో ఆ పెట్టె ముందు కూర్చున్నాను. నస్రీన్ టీచర్ నేర్పింది. నా పేరు తెర నిండా రాయించడం వచ్చినప్పుడు చిన్నపిల్లవాడిలాగా కేక వేశాను. అంతలో కరెంటు పోయింది, చేసిందంతా పోయింది. అదీ తెలుసుకోవాల్సిందే. అప్పుడు పాత గోడలన్నిటికీ సున్నం వేసి కొత్తగా రాశాను:

"కంప్యూటర్. దానంతట అది ఏమీ నేర్పదు. మీరు చెప్పింది చేస్తుంది. ఆదివారం వచ్చి మీరే చెప్పి చూడండి."

ఏమీ నేర్పదని చెప్పుకునే సరుకును చూడ్డానికి విచిత్రంగా జనం బాగానే వచ్చారు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి పనివాళ్లు డ్యూటీ దిగి నేరుగా బస్సులో వచ్చేవారు. ఎవరికి వారు తమ పేరు తెర మీద చూసుకుని పోయేవారు. ఒక తాత తన పేరు చూసి దండం పెట్టాడు. నిజం రాస్తే సరుకు బ్రహ్మాండంగా అమ్ముడుపోయిందని మాత్రం నేను చెప్పను. పోలేదు. ఫ్యాక్టరీ ఇంజినీరు ఒకరు కొన్నారు, ఒక ట్యుటోరియల్ వాళ్లు కొన్నారు, బండల వ్యాపారులు కలిసి బాలికల బడికి ఒకటి ఇచ్చారు. అంతే. కానీ ఏదీ వాపసు రాలేదు.

వస్తువు కంటే మాట మాత్రం బాగా చెలామణి అయింది. ఆ తర్వాత రెండేళ్లు నా దగ్గరికి వచ్చిన ప్రతివాడూ బోర్డులో కంప్యూటర్ ఉండాలన్నాడు. కంప్యూటర్ జాతకం, కంప్యూటర్ టైలర్స్, ఒక హేర్ కటింగ్ సెలూన్‌కు కూడా కంప్యూటర్ కటింగ్. "నీ దగ్గర కంప్యూటర్ ఎక్కడున్నది?" అని మంగలి నర్సింలును అడిగితే, "ఎక్కడుంటె ఏంది సార్, మాట మంచిగున్నది," అన్నాడు. అతనికి రాశాను. కటింగ్‌కు వచ్చినవాడు అద్దంలో తన తల చూసుకునే లేస్తాడు, మోసపోయేదేమీ లేదు. జాతకాలాయనకు మాత్రం మిగతా బోర్డంతా రాసి, ఆ మాట ఆయన్నే రాసుకోమన్నాను. ఆయన కోపంతో వికారాబాద్ పోయి రాయించుకున్నాడు.

కొత్త పిల్లలు నియమాలు చెప్పమంటారు. నా దగ్గర ఉన్నది ఒకటే. మీరు రాసిన మాటను అందరికంటే ఎక్కువ నమ్మేవాడు, అందరికంటే ఎక్కువ అవసరంలో ఉన్నవాడే. సోఫాలో కూర్చున్నవాడు మీ ప్రకటన చూసి నవ్వి వదిలేస్తాడు. రాసేటప్పుడు ఆ అవసరంలో ఉన్నవాడు మన ఎదురుగా ఉండడు, వాడిని మనమే తలుచుకోవాలి.

ఉత్తరం

జూన్‌లో సుక్కమ్మకు ఆ బడిలో చోటు దొరికింది. దిగబెట్టి వస్తూ రైలులో మల్లయ్య వికారాబాద్ దాటేదాకా కిటికీలో నుంచి వెనక్కే చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మా దుకాణానికి వచ్చి, బోర్డులన్నీ ఒక్కొక్కటే చదివి, తెలియని మాట దగ్గర వేలు పెట్టి నా వైపు చూసేది.

రెండో ఏడాది దీపావళి ముందు ఆమె నుంచి మొదటి ఉత్తరం వచ్చింది. మల్లయ్య యూనిట్ నుంచి నేరుగా, చేతులు కడుక్కుని, కార్డును అంచులు పట్టుకుని తెచ్చాడు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. నేను చదివాను.

"నాయిన అమ్మ. నేను మంచిగ ఉన్న. రొట్టె మంచిగ ఉంది. టీచర్ మంచిది. నాకు దోస్తు ఉంది, పేరు షకీలా. గొర్రెలు ఎన్ని ఉన్నాయి. నాయిన రా."

"ఇంకొక్కపారి," అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి నాతోపాటు తనూ పెదాలు కదిపాడు. "గిది నా బిడ్డ మాట అన్నా," అన్నాడు. "గామె ఏమనుకుంటదో నేను ఇన్నది గిదే ఫస్టు."

జవాబు రాయమన్నాడు. కార్డు తీసి కూర్చున్నాను. మేం మంచిగున్నం అని చెప్పాడు. నల్ల గొర్రె రెండు పిల్లలను ఈనిందని, అమ్మ అరిసెలు పంపుతుందని, దీపావళికి వస్తానని చెప్పాడు. రాశాను. ఆయన ఆగాడు. ఇంకేదో చెప్పాలని ఉంది, మాట దొరకలేదు.

"ఇంట్ల మేము గామెతోని ఒకటి అనుకుంటం అన్నా. నోటితోని గాదు." ఎండిపోయిన బండపొడి చారలున్న అరచేతిని తెరిచి గుండె మీద పెట్టుకుని, మెల్లగా ఒకసారి అదిమాడు. "గిట్ల. పండుకునేముందు గామె నన్ను జూసి గిట్లంటది, నేను గామెను జూసి గిట్లంట. గిది ఎట్ల రాస్తవ్?"

నేను పెన్ను పక్కన పెట్టి, పెన్సిల్ తీసుకుని, కార్డు చివర మిగిలిన చోటులో ఆయన చేతిని గీయడం మొదలుపెట్టాను. గీయడం అయ్యేదాకా మల్లయ్య ఆ చెయ్యి గుండె మీది నుంచి తీయలేదు.